ఆయన మీదుగా

"మోడెం కూస్తోంది కదే, పేజీ ఎందుకు రావట్లేదు?" అంటూనే మా ఆయన సొరుగు మూశాడు. సొరుగులో నా కుడి చెయ్యి ఉంది.

ఉందని ఆయనకు తెలుసు. నేను ఫోను వైరు వెతుకుతున్నాను. ఉంగరం వేలి దగ్గర పచ్చి పుల్ల విరిచినట్టు చప్పుడైంది. అరవలేదు. అరిస్తే రెండోది పడుతుందని ఈ ఇంటి గోడలక్కూడా తెలుసు.

"ఏం కెలికావో చెప్పు."

"ఏమీ కెలకలేదండీ."

చెంప పగిలింది. పెదవి పంటికి కోసుకుని నోరంతా ఉప్పగా అయింది.

వంటింట్లోంచి మా అత్త, "ఒరే, మొహం మీద కొట్టకురా, నలుగురూ చూస్తారు" అంది. ఆవిడ దయ అంతవరకే. ఎక్కడ కొట్టాలో చూపించే దయ.

"సిగరెట్లు తెచ్చుకునేలోపు నెట్ రావాలి. రాలేదో, ఇంకో చెయ్యి కూడా ఉందిగా నీకు" అని చెప్పులేసుకుని పోయాడు.

నెట్ రావాల్సిన అవసరం ఆయనకన్నా నాకే ఎక్కువ. ఆసుపత్రి డాక్టరమ్మ నోటితో చెప్పి రికార్డు చేసి పంపే రిపోర్టుల్ని హెడ్‌ఫోన్స్ చెవులకు తగిలించుకుని విని, టైపు చేసి పంపడం నా పని. ఇవాళ్టివి ఆపరేషన్లకు ముందు అందాలి. "మీవి మధ్యాహ్నంలోపు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానండీ" అని సూపర్‌వైజరు నిన్ననే ఫోనులో చెప్పింది. నన్ను 'మీరు' అనే చోటు లోకంలో అదొక్కటే. ఆ ఫోనులో చివర్న ఆవిడేదో అంటే నేను నవ్వాను. ఎవరితో ఆ ఇకఇకలు అంటూ మా ఆయన ముందు గదిలో తన కంప్యూటర్నే ఎత్తి నేలకేసి కొట్టాడు. అది చచ్చింది. దాని మోడెం పీకి ఈ గదిలోని నా కంప్యూటరుకు తగిలించాం.

ఎడం చేత్తో మళ్ళీ డయల్ చేశాను. మోడెం కీచుమంది, గరగరలాడింది, కలిసింది. నెట్ కంపెనీ వాళ్ళు నా కంప్యూటరుకు అడ్రసు కూడా ఇచ్చారు. అవతలి కొసను పిలిస్తే పలికింది. ఆ కొస దాటి ఎవర్ని పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. లైను బాగానే ఉంది, మోడెమూ బాగానే ఉంది. మరి నేను పంపేదంతా ఏ గోతిలోకి పోతున్నట్టు?

నా కంప్యూటర్ని నడిపే లినక్స్‌లో ఒక సుగుణం ఉంది. అడిగితే దాచదు. దారుల పట్టిక చూపించమన్నాను. చిట్టచివర డిఫాల్ట్ అన్న వరస ఉంది. ఎటు పోవాలో తెలియనిదంతా పోవాల్సిన దారి అది. దాని ఎదురుగా మా ఆయన కంప్యూటరు అడ్రసు. నేలమీద పెంకులై పడున్నదే, అది. డయల్ చేసే ప్రోగ్రాం రాసుకున్న చిట్టా తెరిస్తే అందులోనూ అదే మాట: డిఫాల్ట్ దారి ముందే ఉంది, దాన్ని తీసి కొత్తది పెట్టడం లేదు.

గుర్తొచ్చింది. నెట్‌వర్క్ కార్డు బిగించి, రెండు గదుల మధ్యా కేబుల్ లాగిన రోజు ఆయనే ఆ వరస రాశాడు. "ఇంట్లోంచి ఏది బయటికి పోయినా నా మీదుగానే పోవాలి" అన్నాడు. అప్పుడు మా అత్త మురిసిపోయింది కూడా, ఇంటికి మగాడన్నాక ఆమాత్రం ఉండాలని. ఇన్నాళ్ళూ అంతా అలాగే పోయింది. నిన్న తన పెట్టెను తానే పగలగొట్టుకున్నాడు గానీ, ఆ వరస మాత్రం నా దాంట్లో బతికే ఉంది. చచ్చిన పెట్టె వైపు నా మాటలన్నీ తోలుతూ కూర్చుంది. కొత్త దారేమో పాతదానికి మర్యాదిచ్చి పక్కన నిలబడింది. నాలాగే.

ఆ వరస తీసేశాను. మళ్ళీ మొలవకుండా, మెషిన్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లోంచి కూడా తీసేశాను. ఫోను పెట్టేసి తిరిగి డయల్ చేశాను. పేజీ వచ్చింది.

రిపోర్టులు పంపబోతూ ఆగాను. దెబ్బలతో వచ్చే ఆడవాళ్ళ రిపోర్టుల్లో డాక్టరమ్మ తరచూ ఒక మాట చెబుతుంది: "జారిపడ్డానని చెబుతోంది." 'చెబుతోంది' దగ్గర ఆవిడ గొంతు కాస్త ఆగుతుంది. ఆ ఆగడాన్ని టైపు చెయ్యడానికి కీబోర్డులో మీట లేదు.

ఎవరూ చెప్పకుండా, ఎడం చేత్తో, ఒక్కో అక్షరమే కొడుతూ ఇంకో రిపోర్టు టైపు చేశాను. పేరు, వయసు. కింది పెదవి చిట్లింది. కుడి చేతి ఉంగరం వేలు విరిగినట్టుంది. కారణం: భర్త సొరుగులో పెట్టి నొక్కాడు. మిగతావాటితో కలిపి డాక్టరమ్మకు పంపాను. పోయింది.

మా ఆయన వచ్చి తెర చూసి పళ్ళికిలించాడు. "చూశావా, రెండు తగిలిస్తేగానీ వెలగదు నీ బుర్ర." నన్ను లేపి కుర్చీలో కూలబడ్డాడు.

నేను చెప్పులేసుకుని సంచీ తీసుకున్నాను.

"ఎక్కడికే?" అంది అత్త.

"ఆసుపత్రికి. వేలు విరిగింది."

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "ఏమైందని అడిగితే స్నానాల గదిలో జారిపడ్డానని చెప్పు."

"అడగరు లెండి" అన్నాను గడప దాటుతూ. "చెప్పేశాను."