చాటుననుండి చూడవలసిన నొప్పి

వర్షర్తువు తన మేఘసేనను మరలించుకొని పోగా నిర్మలమైన గగనమున నుదయించిన శరత్సూర్యుడు ముంగిళ్ల ముగ్గులు పెట్టు పురంధ్రుల నుదుటి చెమటబిందువులను మెఱయించుచు మామిడాకుల తోరణములు కట్టు కూలీల వీపులను వెచ్చచేయుచు విజయదశమీమహోత్సవమున కాయత్తమగుచున్న మణిశైలపురమునెల్ల బంగారునీట తడిపినట్లు చేయుచుండెను. వీథివీథిని మంగళవాద్యములు మ్రోగుచుండెను. అట్టి ప్రభాతమున గజవైద్యవిద్యార్థియగు ఓబళయ్యకు మాత్రము ఆనాడే పరీక్ష. పరీక్ష నెత్తిమీద కూర్చున్నవానికి పండుగపూట పాయసమైనను చేదే కదా!

ఆ సంస్థానమున నొక నియమము కలదు. పశువైద్యమున స్వతంత్రాధికారము గోరువాడు తాను వేదన నుపశమింపజేసిన జంతువుల చికిత్సావృత్తాంతములను స్వహస్తముతో వ్రాసి పరీక్షకునికి సమర్పింపవలయును. వేదన యే చిహ్నములచే దెలియవచ్చెనో యే యౌషధ మీయబడెనో పిదప నేమి తగ్గెనో విశదముగా నుండవలయును. పరీక్షకుడు సభలో దానిని జదివించి జంతువును గన్నులార చూచి సంతుష్టుడైనచో రాజముద్ర వేయును. ముద్ర పడినవాడు వైద్యుడు. పడనివాడు వైద్యుని వెనుక మందులసంచి మోయువాడు. అసత్యము వ్రాసినట్లు తేలినవానికి మరల పరీక్షకు గూర్చుండు భాగ్యమే లేదు. ఓబళయ్య తన నవయౌవనమునెల్ల సంచి మోయుటయందే గడపినవాడగుటచే ఆ ముద్రకొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచుచుండెను.

అతడు సమర్పించిన కడపటి వృత్తాంతము భద్రావతియను నాడేనుగును గూర్చినది. దాని ముందరి కుడికాలి కీలు వాచి కాలు నేలమోపలేక తొండపుకొనను నోట గఱచుకొని నిలుచుండగా ఓబళయ్య ఆముదపుటాకులతో గాపడము పెట్టి వావిలికషాయము త్రావించుచు వచ్చెను. కషాయము పరమచేదు. కావున ముందు బెల్లపుముద్దను జూపి యేనుగు బుద్ధిగా నాలుగుకాళ్లమీద నిలిచిన పిమ్మట దానిని నోటబెట్టుట యతడు చేసికొన్న యలవాటు. కొన్నాళ్లకు తాను శాలలో నడుగుపెట్టినంతనే భద్రావతి కాలు నేల నానించుట చూచి యతడు పరమానందభరితుడై "వేదన నిశ్శేషముగా శమించినది" అని వ్రాసెను. పరీక్షకుడగు సింగనార్యుడు దానిని జదివి తల యూచెను. ఆ వ్రాతను నమ్మియే పండుగనాటి సాయంకాలము అమ్మవారి యంబారీని భద్రావతి వీపున గట్ట నధికారులు నిశ్చయించిరి.

ఆ యుదయమున గజశాల ముఖద్వారమునకు తోరణముల బండి యడ్డముగా నిలిచియుండుటచే ఓబళయ్య పెరటిదారిని గడ్డివామి ప్రక్కగా వచ్చెను. గాలి యెదురుగా వీచుచుండుటచే అతని వాసన యేనుగునకు దగులలేదు. గోడపగులునుండి లోనికి జూచిన యతని కాళ్లు నిలిచినచోటనే నిలిచిపోయెను. భద్రావతి స్తంభమునకు నొసలానించి కుడికాలు పైకెత్తి తొండపుకొనను నోట గఱచుకొని మెల్లమెల్లగా నూగుచుండెను. అతడు నివ్వెఱపడి పెరటితలుపు తెఱచికొని లోనికి బోయెను. నడుమునగట్టిన బెల్లపువాసన సోకగనే యేనుగు కాలు దించి చెవులల్లార్చుచు తొండము చాచెను. వెలుపలికి బోయి మరల పగులునుండి చూడగా కాలు మరల పైకి లేచియుండెను. "అయ్యో! తగ్గినది నొప్పి కాదు, తెలిసినది బెల్లము" అని యతడు గోడకు జేరగిలబడెను.

అంతలో కుంచెయు రంగులును చేతబట్టుకొని మావటి లింగడు వచ్చి యతని మొగము చూచి సంగతి యడిగి విని చుట్టును బరికించి గొంతు తగ్గించెను.

"ఇప్పుడు నోరు తెరవాకు సామీ. ముద్ర పడినాక నిదానంగా మందు ఏసుకుందాం. నోటికాడి కూడు నేలపాలు చేసుకుంటారా ఎవురన్నా?"

"సాయంకాలము అంబారీ కట్టుదురు కదా, లింగా?"

"ఒక్క పూటే గదా సామీ. పెద్దమనసుది, మోస్తాది."

ఆ మాట ఓబళయ్యకు తీయగా నుండెను. తీయగా నుండుటయే వానికి భయము గొలిపెను. అతడు సభకు బోయెను.

సభామంటపపు ముంగిట రంగుల చిత్రములతో నలంకృతయగు భద్రావతి నిలువబడగా లేఖకుడు వృత్తాంతమును జదివెను. ఒక్కొక్క వాక్యమునకును పెద్దలు భళీ యనుచుండిరి. భళీ యన్నప్పుడెల్ల ఓబళయ్యకు వీపున కొరడా తగిలినట్లుండెను. చదువుట ముగియగనే సింగనార్యుడు ఓబళయ్యను ఏనుగు సమీపమున నిలువుమని యాజ్ఞాపించెను. అతడు నిలిచెను. భద్రావతి నాలుగు కాళ్లను నేల నానించి యతని నడుమును దడవుచుండెను. వృద్ధుడు ప్రసన్నుడై లక్కను గరగించి పత్రముపై బోసి ముద్ర నెత్తెను.

"ఆర్యా, ఆగుడు!" అని ఓబళయ్య కేకవైచెను. తన కంఠము తనకే పరాయిదిగా వినబడెను. "ముద్ర వేయుటకు ముందు తామెల్లరును నాతోగూడ గోడచాటునకు దయచేయుడు."

సభ గుసగుసలాడెను. సింగనార్యుడు కనుబొమలు ముడిచి ముద్రను దింపి లేచెను. పట్టుశాలువల పెద్దలు ప్రాకారపు గోడవెనుక వానకు దడిసిన మేకలవలె నొకరినొకరు ఒరసికొనుచు నొదిగిరి. ముంగిట నేనుగొక్కటియే మిగిలెను. కొంతవడి యది కదలక నిలిచియుండుట చూచి యొక పెద్ద నవ్వబోయెను. అంతలో కుడికాలు మెల్లగా పైకి లేచెను. నొసలు మంటపస్తంభమున కానెను. తొండపుకొన నోట జేరెను. నవ్వబోయిన పెద్ద నోరు మూసికొనెను.

"నీవు వ్రాసినది యసత్యము" అని సింగనార్యుడు పలికెను.

"అసత్యమే, ఆర్యా. చూచినదే వ్రాసితిని. కాని నన్ను జూచినప్పుడు అదెట్లుండునో దానినే చూచితిని."

"వేఱొక యేనుగునకు అంబారీ కట్టుడు" అని వృద్ధుడు అధికారుల కాజ్ఞాపించి ఓబళయ్యవైపు తిరిగెను. "నియమము నీ వెఱిగినదే. నీకు ముద్ర లేదు. మరల పరీక్షయు లేదు. ఒక్క సంగతి చెప్పుము. మనుష్యుడెవ్వడును దగ్గఱలేనప్పుడు జంతువునెట్లు పరీక్షింపవలయునో నీకు గఱపినవారు లేరా?"

"లేరు, ఆర్యా. మేము చదువుకొన్నది తమ గ్రంథమే. అందు నది లేదు."

సింగనార్యుడు ఓబళయ్య మొగమును జూచి వెడలిపోయెను.

ఓబళయ్య భద్రావతిని శాలకు దోలుకొని వచ్చి నిప్పు రాజవేసి ఆముదపుటాకులు వెచ్చచేయుచు నేడ్చెను. జీవితమంతయు నింక మందులసంచియే. ఏడ్చుచునే నడుమున గట్టిన బెల్లమును విప్పి కాపడమునకై యేనుగు కాలు పైకెత్తియుండగనే దాని నోటబెట్టెను. అది కాలు దింపవలెనా వలదా యని తడబడి తుదకు దింపకయే నమలెను.

కాపడము పెట్టుచు నతడు గవాక్షమునుండి వెలుపలికి జూచెను. సింగనార్యుడు తానెక్కి వచ్చిన ముసలి తెల్లగుఱ్ఱమును చెట్టునకు గట్టించియుండెను. ఆయన గ్రంథమున మొదటి ప్రకరణము ఆ గుఱ్ఱపు కాలినొప్పి మాన్పిన వృత్తాంతమే. దానివలననే యాయనకు దేశదేశముల కీర్తి వచ్చెను. వృద్ధుడు సేవకులను దూరముగా బొమ్మని గడ్డివామి చాటున నొదిగి పండుగవాద్యములు మ్రోగుచుండ నచ్చట చాలసేపు నిలిచెను. ఏమి చూచెనో యెవ్వరికిని జెప్పలేదు. పిదప గుఱ్ఱమును సమీపించి జీను విప్పి తన భుజమున వైచుకొని కళ్లెము చేతబట్టి దాని యడుగునకు దన యడుగు కలుపుచు ఇంటిదారిని మెల్లగా నడిచిపోయెను.