ఏకాభిప్రాయం

"సత్యలక్ష్మీ, చాయ్ సంగతి సూడమ్మా," అన్నారు మా లీడర్ గురునాథరావు గారు. పనిలో లోపాలు మేమే కనిపెట్టి సరిచేసుకోవడానికి పెట్టుకున్న మా క్వాలిటీ సర్కిల్ మీటింగు ప్రతి బుధవారం ఈ మాటతోనే మొదలవుతుంది. జాముల్ దగ్గర లోహం పోతపోసే చిన్న ఫౌండ్రీలో పనిచేస్తాం. ఆరుగురం సభ్యులం, అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. రూలు ప్రకారం సర్కిల్లో పెద్దా చిన్నా లేదు, ఏది తేల్చినా అందరూ కలిసి తేల్చాలి. చాయ్ పెట్టేది మాత్రం నేను. దస్తూరీ బాగుంటుందని, మీటింగులో ఏం తేలిందో మినిట్స్ రాసేదీ నేనే.

పోతపోసిన కాస్టింగుల్లో బుడగలు ఎందుకొస్తున్నాయో కనిపెట్టింది కూడా నేనే. అచ్చుల ఇసుకలో తేమ పొద్దున ఒక్కసారే చూస్తున్నారు, వానాకాలంలో మధ్యాహ్నానికి అది పెరిగిపోతోంది. మూడు నెలలు అన్నం డబ్బా పక్కన పెట్టి, భోజనాల వేళ ఆ ఇసుకను పరీక్ష చేసి రాసుకున్నాను. మధ్యాహ్నం కూడా తేమ చూడడం మొదలెట్టాక బుడగలు తగ్గాయి. దాని గురించి చెప్పడానికి మా సర్కిల్ నుంచి ఒకరిని నాగ్‌పూర్ సమావేశానికి పిలిచారు. నేనే వెళ్తాననుకున్నాను. సిగ్గులేకుండా అద్దం ముందు నిలబడి హిందీలో చెప్పుకుని చూసుకున్నాను కూడా.

ఆ బుధవారం నేను చాయ్ పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

"బలరాం ఎల్తాడమ్మా. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాను, ఎవ్వరూ మాటాడలేదు," అన్నారు గురునాథరావు గారు.

"నన్నడగలేదు కదండీ."

"నువ్వు గదిలో లేవు కదా. అయినా పిల్లల్నొదిలేసి రెండ్రోజులు ఎలాగెల్తావు? నీ మంచికే. సబ్ రాజీ, అందరూ ఒప్పుకున్నట్టే. రాసెయ్."

'ఐదుగురు ఒప్పుకున్నారు, ఆరో మనిషిని అడగలేదు' అని రాశాను. ఆయన ఆ కాగితం చింపేసి, కొత్తది నా ముందుకు తోశారు. బలరాం కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు. 'అందరి ఏకాభిప్రాయంతో' అని గుండ్రంగా రాసిచ్చాను. నా చెయ్యి మీద నాకే అసహ్యం వేసింది.

ఖుర్సీపార్‌లో ఇంటికొచ్చి చెబితే మా ఆయన యుగంధర్ పేపర్లోంచి తల ఎత్తలేదు. "అందరూ కూకొని అనుకున్నదే కదా, ఇందులో అన్యాయం ఏటి? ఇంట్లో మాత్రం అన్నీ నిన్నడిగే సేస్తున్నామేటి?" అన్నాడు. నిజమే. పెద్దదాన్ని వేరే బడికి మార్చిన సంగతి, మా అత్తగారు దాని కొత్త యూనిఫారం గుడ్డ తెచ్చి నన్ను కుట్టమన్నప్పుడే నాకు తెలిసింది.

బలరాం నాగ్‌పూర్ నుంచి షీల్డు తెచ్చాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాతి బుధవారం కొత్త సమస్య వచ్చింది. కాస్టింగులు అంచుల్లో పగులుతున్నాయి. గురునాథరావు గారు మొట్టమొదటిసారి నా వైపు తిరిగి, "నువ్వేటంటావమ్మా?" అని అడిగారు.

నాకు తెలుసు. పోత చల్లారకముందే అచ్చులు విప్పేస్తున్నారని వారం కిందటే పట్టుకున్నాను.

"నాకేం తెలుసండీ," అన్నాను.

మినిట్స్‌లో 'కారణం ఎవరికీ తెలియదు' అని రాసి, అందరికంటే ముందు నేనే సంతకం పెట్టాను.