పంతొమ్మిదో తేదీ కడుపునొప్పి

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ ఎర్ర సోడా ఎక్కడికీ పోదులే, ముందు మీ వెర్నెల్ అత్త సంగతి వినండి.

అప్పట్లో జూన్ పంతొమ్మిది వచ్చిందంటే, సర్కారు ఆసుపత్రి లాండ్రీలో మన నల్లవాళ్ళందరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చేది. మన ముత్తాతలకు బానిసత్వం పోయిందని టెక్సాస్‌లో చాటిన రోజుకు సెలవెవరిస్తారు? అందుకే ఫోన్లో మూలిగి, ఏటి ఒడ్డుకు పోయి మాంసం కాల్చుకునేవాళ్ళం. అక్కడ ఆనాడు చాటిన విడుదల ఆజ్ఞ చదివే వంతు మన ఇంటిదే. మా అమ్మ చదివేది. ఓ ఏడు మార్చిలో ఆమె పోయింది. నాకు చూస్తే అక్షరం రాదు. ఇక చదవాల్సింది నా కూతురు వెర్నెలే.

అదే ఏడు సర్కారు ఆ రోజును పండుగగా ఒప్పుకుంది. ఇంకేం, లాండ్రీకి తాళమే అనుకున్నాం. అక్కడే పనిచేసే వెర్నెల్ తిన్నగా సూపర్‌వైజర్ మిసెస్ ప్రూయిట్ దగ్గరికి వెళ్ళింది.

"ఈసారి కడుపునొప్పి లేదు మేడమ్. గురువారం మా పండుగ, రాను."

"దుప్పట్లు వాటంతటవే ఉతుక్కుంటాయా? చట్టం అందర్నీ పొమ్మనలేదు, కొందరు ఉండాలంది. ఎవరుండాలో నా ఇష్టం. నువ్వుంటావు. రాకపోతే ఇక ఎప్పుడూ రానక్కర్లేదు."

దాని జీతం మీదే ఇల్లు గడుస్తోంది.

"నిజం చెప్పి ఇరుక్కున్నావు కదే పిచ్చిదానా!" అన్నాను.

"చట్టమొచ్చాక కూడా మూలగమంటావా అమ్మా?" అంది.

గురువారం వెర్నెల్ పనికి వెళ్ళింది. మధ్యాహ్నం ఏటి ఒడ్డున చేరిన వాళ్ళందర్నీ ట్రక్కెక్కించి లాండ్రీ వెనక వాకిలికి తోలించాను. భోజనం వేళైనా అది బయటికి రాదే! ప్రూయిట్ ఇంకో బండెడు బట్టలు దాని ముందు పోయించిందట. చివరికి తడి చేతులతో వచ్చి, మెట్టు మీద నిలబడి ఆజ్ఞ కాగితం చదవడం మొదలుపెట్టింది.

సగంలో, భోజనం వేళ అయిపోయిందని సైరన్ మోగింది. ప్రూయిట్ గుమ్మంలోకి వచ్చింది.

"వెర్నెల్. లోపలికి."

వెర్నెల్ కాగితం వంక చూసింది, నా వంక చూసింది. కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో యంత్రాల హోరులోంచి దాని గొంతు వినిపించింది. ఆపిన చోటి నుంచే అందుకుంది! ఏటేటా విన్న మాటలే కదా, నేనూ కలిపాను. వాకిలంతా కలిపింది. లోపల దుప్పట్లు మడిచే ఆడవాళ్ళూ కలిపారు.

"నోళ్ళు ముయ్యండి!"

"చేతులు ఆగలేదు కదా మేడమ్," అంది వెర్నెల్, మడుస్తూనే.

ప్రూయిట్ ఆ చేతుల వంకే చూసింది. ఒక్క జతా ఆగలేదు. తలుపు మూయబోయింది, మళ్ళీ వదిలేసింది. ఆఖరి మాట దాకా తలుపు తెరిచే ఉంది. ఉద్యోగమూ నిలిచింది.

ఇవాళ ఏటి ఒడ్డున మీలో ఎవరు చదివినా, ముందు మీ అత్త సంగతి నలుగురికీ చెప్పండి. రేపు మీ పిల్లలకూ చెప్పండి. మరిచిపోకండేం!