పదకొండో ప్రశ్న

1961లో వికారాబాద్‌లోని ఒక క్షయ దవాఖానాలో వార్డు సహాయకురాళ్ళ ఎంపికకు రాతపరీక్ష పెట్టారు. పాఠాల మీద కాదు. అభ్యర్థి స్వభావం ఎటువంటిదో తెలుసుకొనేందుకు పన్నెండు ప్రశ్నలు. తాండూరులో ఏడో తరగతి వరకు చదివిన సుమిత్ర పది ప్రశ్నలకు ఉన్నదున్నట్లు జవాబు రాసింది. రక్తం చూస్తే భయమన్న సంగతి కూడా దాచలేదు. పదకొండో ప్రశ్న దగ్గర కలం ఆగింది: ‘మీవారెవరైనా ఇక్కడ రోగులుగా ఉంటే, వారినీ ఇతరులనూ సమానంగా చూడగలరా?’

ఆమె తల్లి కాశమ్మ ఆ దవాఖానాలోనే ఏడో నంబరు మంచం మీద ఉంది. చేర్పించి వెళ్ళిన తండ్రి బీరన్న గొర్రెల మందను వదిలి మళ్ళీ రాలేకపోయాడు. బంధువులకు ఆదివారం ఒక్క గంటే అనుమతి. తల్లి దగ్గర ఉండటానికే సుమిత్ర ఈ ఉద్యోగం కోరింది. నిజం రాస్తే రానివ్వరేమోనని భయపడింది. ‘చూడగలను. నావారెవరూ ఇక్కడ లేరు’ అని రాసింది.

ఉద్యోగం వచ్చింది. వేసింది తల్లి ఉన్న వార్డుకే. మొదటి ఉదయం ఆమెను చూసి కాశమ్మ లేవబోయింది. సుమిత్ర దిండు సర్దుతున్నట్టు వంగి, సంగతి చెవిలో చెప్పింది. కాశమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. ఆనాటి నుంచి వార్డులోని ఆడవాళ్ళంతా సుమిత్రను నోరారా బిడ్డా అని పిలిచేవారు. కన్నతల్లి ఒక్కతే సిస్టరమ్మా అనేది.

రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం కాశమ్మకు ఊపిరి అందలేదు. సుమిత్ర ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎదుటి మంచం మీది మొగులమ్మ దాహమని మూలిగింది. సుమిత్ర కదలలేదు. కాశమ్మే చెయ్యి విడిపించుకుంది.

“సిస్టరమ్మా, జర గామెకు నీళ్లియ్యుండ్రి. గిట్ల ఒక్కదాని కాడనే కూసుంటే ఏమనుకుంటరు.”

సుమిత్ర మొగులమ్మ తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించింది. వెనుదిరిగేసరికి ఏడో మంచం మీద ఊపిరి ఆగిపోయి ఉంది.

పెద్ద నర్సు మార్తమ్మ రిజిస్టరుతో వచ్చి, కబురు ఎవరికి పంపాలని అడిగింది.

“నేనే తీస్కపోతనమ్మా. ఆమె మా అమ్మ.”

మార్తమ్మ కళ్ళద్దాలు తీసి రిజిస్టరు మూసింది. మందలిస్తుందనుకుని సుమిత్ర తల వంచుకుంది. మందలించి ఉన్నా బాగుండేది.

“అందరిని ఒక్కతీరుగ చూడలేనని రాసినోళ్ళను ఇద్దరిని తీసుకున్న బిడ్డా. వాళ్ళకు వేరే వార్డులిచ్చి, దినాం సాయంత్రం వాళ్ళ మనుషుల కాడికి పంపుతున్న. నీకెవరు లేరంటివనే గీ వార్డిచ్చిన. నిజం రాసుంటే నిన్ను గూడ పంపుతుంటి, ఆమె బిడ్డ లెక్కనే.”

సుమిత్ర ఏప్రన్ విప్పి మంచం పట్టెపై వేసి తల్లి పక్కన కూర్చుంది. రెండు నెలలుగా గొంతులో అణచుకున్న ఆ ఒక్క పిలుపును, మొదటి రోజులాగే చెవి దగ్గరకు వంగి, మెల్లగా పిలిచింది. ఎవరైనా వింటారని తల్లి ఈసారి వారించలేదు.