గోడలు దాటే తమ్ముడు

ఆ వాట్సాప్ గ్రూపులో చేరేనాటికి జలపతి చేతిలో ఉన్నవి రెండే: ఒక ఫోను, ఒక ఎత్తు. కోరుట్లలో అతనిది చీరల దుకాణం. జగిత్యాలలో టీచరుగా పనిచేసే శ్రీలత నడిపే ఆ గ్రూపులో నూట నలభై మంది ఆడవాళ్లు, అందరూ 'ఏడు దీపాల కోట' సీరియల్ పిచ్చివాళ్లే. బతుకమ్మ పండుగ ఇంకా రెండు నెలలుంది. రోజూ నాలుగు చీరల ఫోటోలు పెడితే పండుగ సరుకు సగం ఇక్కడే అమ్ముడుపోతుందనుకున్నాడు.

శ్రీలత షరతు పెట్టింది. "సీరియల్ చూడనోళ్లకు గీడ జాగ లేదన్నా. ముందుగాల కథ మీద మాట్లాడు. నీ చీరలు తర్వాత చూస్తం."

సరుకు తెలియకుండా బేరానికి దిగడం జలపతికి అలవాటు లేదు. రోజూ సాయంత్రం ఏడింటికి భార్య రాణి పక్కన కూర్చుని సీరియల్ చూడసాగాడు. కథ తొందరగానే పట్టుబడింది. చంద్రుడనేవాడు చనిపోయి ఆత్మ అయ్యాడు. గోడల్లోంచి నడుస్తాడు. చెయ్యి ఊపితే ఎక్కడి వస్తువైనా కోరినచోట వచ్చి వాలుతుంది. అక్క మాలినికి కష్టం వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లో పట్టుచీరో నగో మందుసీసానో రాలుస్తాడు. కానీ ఒక్కసారి కూడా ఆమె ఎదుట నిలబడడు.

ఎందుకు నిలబడడన్నదే గ్రూపులో రోజూ లడాయి.

"రక్తసంబంధం ఉన్నోళ్లకు కనపడితే ఆత్మ శక్తి పోతది. తాంత్రికుడు చెప్పిండు కదా, వినలేదా?" అనేది శ్రీలత.

"మాలిని ఉంగరం కాజేసినోని మాట నమ్ముతవా టీచరమ్మా?" అని రాయికల్ నుంచి సాయవ్వ దెప్పేది. ఆమె బీడీలు చుట్టుకుంటూనే మాట్లాడేది.

నెలన్నర విన్నాక జలపతి గొంతు సవరించుకుని తన అభిప్రాయం రికార్డు చేసి పెట్టాడు. "చంద్రుడు తెలివైనోడు. కూసున్న కాడికెల్లి సామాను పంపే శక్తి ఉన్నంక తను పోవుడెందుకు? అక్కకు చీర అందిందా, లేదా? అందింది. పని అయిపాయె."

పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత, అంతవరకు గ్రూపులో వినపడని ఒక గొంతు వచ్చింది. వెనుక మరమగ్గాల మోత. ఆ మోతను మించి మాట్లాడటం అలవాటైన గొంతు.

"గా కోరుట్ల చీరలాయనకు చెప్పుండ్రి. చంద్రునికి శక్తి లేక కాదు, మొఖం లేక వస్తలేడు. గోడలు దాటెటోనికి గడప అడ్డమా? మాలినికేమన్న చీరల కరువున్నదా? తమ్ముడన్నోడు రావాలె, ముందట నిలవడి నడువక్కా అనాలె. గా పని చీరతోటి కాదు."

జలపతి ఫోను పక్కన పెట్టలేకపోయాడు. అది సిరిసిల్లలో ఉండే అతని సొంత అక్క ఇంద్రమ్మ గొంతు. మూడేళ్లయింది విని.

బతుకమ్మకు ఆడబిడ్డను పుట్టింటికి తీసుకురావడానికి తోడబుట్టినవాడే వెళ్లాలి. మూడేళ్ల కిందట పండుగ గిరాకీ వదిలి కదలలేక, సిరిసిల్ల నుంచి చీరల మూటలు దింపి ఖాళీగా తిరిగి వెళ్తున్న బండిలో అక్కకు ఒక మంచి చీర పెట్టి పంపాడు. పండుగకు రమ్మని డ్రైవర్‌తోనే చెప్పించాడు. డ్రైవర్ అలవాటు ప్రకారం, సరుకు ముట్టిందని పుస్తకంలో ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. మర్నాడు చీర అదే బండిలో తిరిగి వచ్చింది. జలపతి అవమానంతో రగిలిపోయాడు. అప్పటినుంచి ప్రతి మంగళవారం సరుకుకు సిరిసిల్ల వెళ్తూనే ఉన్నాడు, అక్క ఉండే వీధికి మాత్రం తిరగలేదు.

రాణి కూడా ఆ గొంతు విన్నది. "మీ అక్క సీరియల్ సంగతి చెప్తలేదు" అంది.

"నాకెర్కనే."

"ఎర్కనే ఉంటే గిన్నేండ్లు ఏం జేసినవ్?"

'చీర తిప్పి పంపింది ఆమెనే గదా' అనబోయి ఆగాడు. ఇన్నాళ్లూ తిరిగి వచ్చిన చీరనే తలచుకున్నాడు, తాను పంపిన తీరును ఎన్నడూ తలచుకోలేదు. దుకాణానికి వచ్చినవాళ్ల మొహం చూసి ఏం కావాలో చెప్పగలిగేవాడు, తోడబుట్టిన మనిషికి కావలసిందేమిటో తెలుసుకోలేదు.

మర్నాడు మంగళవారం కాదు. దుకాణం రాణికి అప్పజెప్పి బస్సెక్కాడు. సిరిసిల్లలో దిగాక అలవాటుగా పండ్ల బండి ముందు ఆగి, మళ్లీ కదిలాడు. వట్టి చేతులతోనే వెళ్లి గడప ముందు నిలబడ్డాడు.

ఇంద్రమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తింది. "ఎవలు, చంద్రుడా? గోడలకెల్లి రాలేదేంది?"

"నాకు గంత శక్తి యాడిదక్కా."

"గ్రూపుల నీ గొంతు వినంగనే పట్టిన. తెలివైనోడు, పని అయిపాయె అంటివి." ఆమె చేతులు ఆగలేదు. "బండి దొరుకలేదా ఇయ్యాల?"

"పండుగకు నడువక్కా. తోలుకపోను వచ్చిన."

కండె చుట్టడం ఆగింది. "గా పుస్తకంల సంతకం పెట్టేటప్పుడు," అంది మెల్లగా, "పుట్టింటికి నేను సరుకునైతినా అనుకున్న."

జలపతి అక్కడే గడపలో చతికిలబడ్డాడు. "తప్పయింది."

చాయ్ వచ్చింది. తాగినంతసేపూ ఆమె సీరియల్ గురించే వాదించింది. "కనపడితే శక్తి పోతదట, గా టీచరమ్మకేం తెలుసు. పోతే పోనీయి. ఆత్మ అయ్యి ఏం జేసుకుంటడు దాంతోటి?"

అతను లేచేటప్పుడు తేల్చి చెప్పింది. "ఇయ్యాల రాను, ఆర్డరున్నది. ఆఖరు రోజు సద్దుల బతుకమ్మ కదా, గప్పుడు రెండ్రోజులుంట. మల్ల నువ్వే రావాలె తోల్కపోను."

"నేనే వస్త."

గ్రూపులో ఆ నెలన్నరలో అతను అమ్మిన చీర ఒక్కటీ లేదు. బస్సులో కూర్చుని లెక్క చూసుకున్నాడు. ఏటా తొమ్మిది రోజుల పండుగ, మూడేళ్లు. పోయినవి ఇరవై ఏడు రోజులు, చేతికి వచ్చినవి రెండు.