కొత్తకోట బస్టాండు ప్రశ్న

ఆ ప్రశ్న నాది. ముందే చెప్పేస్తున్నాను, ఇక దాచి లాభం లేదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొత్తకోట బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడీ నిలబడీ విసుగొచ్చి, తలలో అల్లుకున్న ప్రశ్న. బస్సులు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో పట్టిక ఇస్తాను. ఏ బస్సూ బయట ఆగకూడదంటే కనీసం ఎన్ని ప్లాట్‌ఫాంలు కావాలి? ఒక బస్సు కదిలిన నిమిషానికే ఇంకొకటి వస్తే అదే ప్లాట్‌ఫాం సరిపోతుంది. అంతే. ఇలాంటి ప్రశ్నలు లోకంలో బోలెడున్నాయని తర్వాత తెలిసింది. అయినా నాది నాదే.

కంపెనీలో చేరి, ఇంటర్వ్యూలు చేసే కుర్చీలోకి వచ్చాక దాన్ని మా పరీక్షలో పెట్టాను. అభ్యర్థి ప్రోగ్రాం రాస్తే, మిషన్ పది రకాల బస్సుల పట్టికలు ఇచ్చి జవాబులు సరిచూస్తుంది. పదికి పది వచ్చేవాళ్లు బహు తక్కువ. ఏడో పట్టిక దగ్గరే చాలామంది బోర్లా పడేవాళ్లు. "ఏడోది అమరేందర్ సార్ దెబ్బ" అని ఆఫీసులో అనుకునేవాళ్లు. అది వింటే నాకు లోలోపల ఎంతో హాయిగా ఉండేది, అబద్ధమెందుకు.

ఈ ఏడాది మా కంపెనీ నల్లగొండలో చిన్న ఆఫీసు తెరిచింది. ఒక్క పోస్టు, ఐదుగురు అభ్యర్థులు. ఎవరికి మార్కులు ఎక్కువొస్తే వాళ్లదే ఉద్యోగం. నేనూ, నా జూనియర్ తిరుమలా వెళ్లాం. మధ్యాహ్నానికి నలుగురు అయిపోయారు. వాళ్లలో పరమేష్ అనే అబ్బాయి పదికి పది తెచ్చుకున్నాడు. ఇంకేం, పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఐదో మనిషి స్వర్ణ. దేవరకొండ పక్క ఊరు. తండ్రి ఏసోబు, కౌలు వ్యవసాయం. బక్కపల్చటి పిల్ల, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. కూర్చోగానే నేను మొదటి ప్రశ్న వేశాను.

"ఎనిమిది గుండ్లున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే, ఒక్కటి మాత్రం బరువు ఎక్కువ. రెండు పళ్లేల కాంట ఉంది. కనీసం ఎన్ని తూకాల్లో పట్టుకుంటావు?"

అరిగిపోయిన పజిలే. ముందొచ్చిన నలుగురూ "రెండు" అని టక్కున చెప్పారు. స్వర్ణ ఆలోచించి, "మూడు సార్" అంది.

"మూడెట్లా?"

"ముందుగాల ఖాళీ కాంట సూడాలె గద సార్. పళ్లేలు సమంగ నిలవడ్తున్నయో లేదో. గదొకటి. అటెన్క మూడు గుండ్లు అటు, మూడు ఇటు పెడ్త. సమానముంటె బరువుది మిగిలిన రెండిట్ల ఉన్నట్టు, గవి తూకమేస్త. లేకుంటె బరువెక్కువున్న మూడిట్లకెళ్లి ఒకటటు, ఒకటిటు. గవి రెండు. మొత్తం మూడు."

నాకు చిర్రెత్తింది. "అమ్మా, ఇది పజిల్. కాంట కరెక్టే అనుకోవాలి."

"మీరు గట్ల చెప్పలే గద సార్."

తిరుమల దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. స్వర్ణ కొంచెం తగ్గింది. "ఏమనుకోకుండ్రి సార్. మా అవ్వ బిక్షమ్మ, సేటు ఖాళీ కాంట చూపియ్యనిదే పల్లికాయ బస్తా ఒక్కటి గూడ కిందికి దించనియ్యదు. సూసి సూసి నాకు గదే అలవాటైంది."

నా కాగితం మీద "అతి తెలివి" అని రాసుకుని, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. నా బస్టాండు ప్రశ్న తెర మీద ఉంది.

ఆ పిల్ల రాసే తీరు చూసి మాత్రం, కోపం మీదున్నా కూడా, ముందుకు వంగాను. మిగతావాళ్లు ప్రతి బస్సునూ ప్రతి బస్సుతో పోల్చుకుంటూ పేజీలు నింపారు. ఈమె వచ్చే వేళలన్నీ, పోయే వేళలన్నీ కలిపి ఒకే వరుసలో పేర్చింది. బస్సు వస్తే ఒకటి కూడింది, పోతే ఒకటి తీసేసింది. ఒకే నిమిషానికి రెండూ ఉంటే ముందు పోయేదాన్ని పంపించింది. ఎంతవరకు పెరిగిందో అదే జవాబు. పదకొండు లైన్లు! ఎక్కడా చెయ్యి తడబడలేదు. అబ్బ, ఏం రాసిందిరా అనుకున్నాను.

బటన్ నొక్కింది. తొమ్మిది పచ్చ టిక్కులు, ఒక ఎర్ర గుర్తు. ఏడో పట్టిక. మిషన్ అడిగింది నాలుగు, ఆమె ఇచ్చింది మూడు.

"అయ్యో, కొద్దిలో పోయింది" అన్నాను. నిజంగానే బాధనిపించింది.

ఆమె ఉలిక్కిపడలేదు. ఫైల్లోంచి మడత పెట్టిన నోట్‌బుక్ కాగితం తీసింది. "పోయినేడు గూడ మీ కంపెనీ పరీక్ష రాసిన సార్, ఇంటికాడికెల్లి. గిదే ప్రశ్న, గిదే ఏడోది. పట్టిక తెర మీదికెల్లి రాసుకున్న. తెల్లారి ఉద్యోగం రాలేదని మెసేజ్ వచ్చింది."

"ఏడాది టైముండి మళ్లీ అదే తప్పు చేశావా?"

"తప్పు నాది గాదు సార్. మిషన్‌ది."

ఎవరి ప్రశ్ననుకుంది! నా చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం ఆగలేదు. "వచ్చే బస్సును ముందు లెక్కవెట్టేటట్టు ఒక్క లైను మారిస్తె పదికి పదొస్తయి, నాకెరుకే. మా దోస్తులు గూడ గట్లనే రాసి నౌకరి తెచ్చుకోమన్నరు. గని నాలుగు తప్పు సార్. పోయినపారి చెప్పుకుందమంటె అవతల మనిషి లేడు. ఈపారి మీరుంటరని వచ్చిన."

"చూపించు" అన్నాను, గొంతు పెద్దదే అయింది.

కాగితం మీద ఐదు బస్సులకు ఐదు గీతలు. మొదటిది తొమ్మిదింటికి వచ్చి తొమ్మిదీ నలభైకి పోతుంది. రెండోది తొమ్మిదీ పదికి వచ్చి పదింటికి పోతుంది. మూడోది తొమ్మిదీ ఇరవై నుంచి పదీ పది దాకా. సరిగ్గా మొదటిది కదిలిన తొమ్మిదీ నలభైకి నాలుగోది వస్తుంది. రెండోది కదిలిన పదింటికి ఐదోది వస్తుంది. వేలు పెట్టి లెక్కించాను. మూడు. మళ్లీ లెక్కించాను. మూడే. ఒకటి కదిలిన నిమిషానికే ఇంకొకటి వస్తే అదే ప్లాట్‌ఫాం అని రాసిన మహానుభావుణ్ని నేనే. ఏడోదానికి జవాబు ఎక్కించేటప్పుడు ఆ సంగతి మరిచి నాలుగని ఎక్కించిందీ నేనే.

గ్లాసెడు నీళ్లు తాగి తిరుమల వైపు తిరిగాను. "నువ్వూ ఈ పరీక్ష రాసే వచ్చావు కదా. పదికి పది ఎట్లా వచ్చినయి?"

వాడు టేబుల్ వైపు చూస్తూ చెప్పాడు. "మూడే కరెక్టని నాకూ ఎరుకే సార్. మిషన్‌కు నాలుగు కావాల్నంటే నాలుగిచ్చిన."

"మరి రెండేండ్ల నుంచి చెప్పవేందిరా?"

"ప్రశ్న మీదని తెలిసినంక నోరు రాలె సార్."

సిగ్గుతో తల దించుకున్నాను. పరమేష్ కోడ్ తెరిచి చూస్తే అక్కడా అదే లైను మార్పు. నాకు భయపడి ఒకడు, మార్కుల కోసం ఒకడు. ఈ పిల్లకు ఉద్యోగం అవసరం లేకనా? నాలుగు రాస్తే చేతికొస్తుందని ఏడాదిగా తెలిసీ, బస్సెక్కి వచ్చి, నా ఎదుట కూర్చుని మూడని రాసింది. నా పదమూడేళ్ల నౌకరీలో ఇంత గట్టి మనిషిని నేను చూడలేదు.

మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, తిట్లు తిన్నాను, ఏడో జవాబు మార్చి అందరి కోడ్లూ మళ్లీ నడిపించాను. పరమేష్‌కు ఏడోది పోయింది, మిగతా ముగ్గురికి ముందే వేరే పట్టికలు పోయాయి; పదికి పది స్వర్ణ ఒక్కదానికే వచ్చాయి. కాగితం మీద "అతి తెలివి" కొట్టేసి, "ఉద్యోగం నీదే బిడ్డా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "మా బాపుకు మీరే చెప్పాలె సార్. మిషన్ తప్పంటె ఊర్ల అందరు నవ్విన్రు. బాపు ఒక్కడే నవ్వలే."

నంబరు కలిపి, స్పీకర్ పెట్టి ఫోన్ నా చేతికిచ్చింది. ఏసోబు చేనులో ఉన్నాడు, గాలి చప్పుడు వినబడుతోంది. పోయినేడు మీ బిడ్డ రాసిన జవాబు కరెక్టేనని, తప్పు మాదేనని, ఉద్యోగం ఇస్తున్నామని చెప్పాను.

"అంటె కాంటదే తప్పన్నట్టు" అన్నాడు ఏసోబు.

"అవునన్నా. ఆ కాంట పెట్టింది నేనే."

"మంచిగ చెప్పిన్రు సార్, సల్లగుండాలె. గని ఒక్క మాట. మా తాన కాంట తప్పని తేలితె, అంతకుముందు తూకమేసిన బస్తాలన్ని మళ్ల తూకమేపిస్తం. మీరు మిగిలినోళ్లను పిలిచిన్రా?"

తిరుమల వైపు తిరిగాను. వాడు అప్పటికే పాత జాబితా తెరిచాడు. ఏడోదాంట్లో మూడని రాసి ఇంటికి పోయినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. మొదటి పేరు పర్వతాలు, ఊరు కొత్తకోట.

"ఇప్పుడే పిలుస్తున్న అన్నా" అని ఫోన్ స్వర్ణకు ఇచ్చేసి, నా ఫోన్ తీశాను.