గడియ వేసిన ఆట

సాయంత్రం అయిదులోపు పదిహేను వందలు దాటాలి. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఫోనులో ఆమె చెస్ రేటింగు పద్నాలుగు వందల తొంభై నాలుగు. ఒక్క గెలుపు చాలు. డ్రా అయితే మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

లైబ్రరీ మేడ మీద పిల్లలకు చెస్ నేర్పే మాస్టారికి తోడుగా ఒక మనిషి కావాలట. "సర్టిఫికెట్లు నాకెందుకమ్మా, పదిహేను వందలు దాటిన రేటింగు చూపించండి. అయిదింటికి జాబితా పంపేస్తాను" అన్నాడాయన. ఇంట్లో చంటిపాప ఉందని ఆమె ముందే చెప్పింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషికి, 'ఎంతవరకు చదివారు' అన్న ప్రశ్న లేని దరఖాస్తు కనిపించడం అదే మొదటిసారి.

ఏడాది కిందట ఆరువందలతో మొదలుపెట్టింది. ఆమె ఆట తీరు ఏ పుస్తకంలోనిదీ కాదు, పాప నేర్పింది. పాప ఎప్పుడు ఏడుస్తుందో తెలియదు, ఏడిస్తే ఆట మధ్యలో లేవక తప్పదు. అందుకని ప్రతి పావు వెనకా ఇంకో పావును కాపలా పెట్టేది. బంట్లను గొలుసులా కట్టి అన్ని దారులూ మూసేసేది. వెళ్లొచ్చేసరికి ఎక్కడివక్కడే ఉండేవి. అవతలివాడే విసిగి, గోడకు తల బాదుకున్నట్టు ఏదో ఒక తప్పు చేసేవాడు.

"నీది చదరంగం కాదే తల్లీ, ఊరెళ్తూ ఇంటికి తాళం వేసుకోవడం!" అని నవ్వేది వదిన, ఆమె భర్త అక్క. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆటలో 'తలుపుచాటు' అని మారుపేరు పెట్టిందీ ఆవిడే.

ఈరోజు అవతలివాడి పేరు 'రైలింజను'. చెరో పావుగంట. పేరు చూసి దూసుకొస్తాడనుకుంది గానీ వాడూ తలుపులు మూసుకుని కూర్చున్నాడు. ఆమె ఏనుగును ఒక గడి జరిపితే, వాడూ తన ఏనుగును ఒక గడి జరిపాడు, అదీ రెప్పపాటులో. ఆమె టైము రెండు నిమిషాలకు దిగింది. వాడికి ఇంకా అయిదు నిమిషాలున్నాయి.

'డ్రా చేసుకుందామా?' అని తెర మీద అడిగాడు.

అప్పుడే పక్క గదిలో పాప దగ్గింది, ఆ వెంటనే ఏడుపు లంకించుకుంది. రెండు రోజులుగా జలుబు. ఆమె మడమలు అప్పుడే నేల మీంచి లేచాయి. ఫోను తీసుకెళ్దామంటే, పాత బ్యాటరీ, చార్జరు తీస్తే చచ్చిపోతుంది.

"వదినా, పాప ఏడుస్తోంది!"

"నేనున్నానుగా, నువ్వాడుకో!"

ఏడుపు ఠక్కున ఆగింది.

ఏడుపుకన్నా ఆ నిశ్శబ్దమే ఆమె ప్రాణం తోడేసింది. తన గడియారంలో ఒకటిన్నర నిమిషం. "వదినా!" బదులు లేదు. ఏనుగును మళ్లీ వెనక్కి జరిపి పరిగెత్తడమే అలవాటు. వేలు దాని మీదకు వెళ్లింది కూడా. కానీ ఆ ఎత్తుకి వాడేం ఆలోచిస్తాడు? టక్కున బదులిచ్చేస్తాడు. తను పాప దగ్గరున్నంతసేపూ కరిగేది తన టైమే. ఏడాదిగా జరుగుతున్నది అదేనని ఇప్పుడు తట్టింది.

వాడు ఆలోచించాలి. ఆలోచించాలంటే తను తలుపు తియ్యాలి.

రాజు పక్కనున్న బంటును, ఇన్నాళ్లూ ఏ ఆటలోనూ కదపని బంటును, రెండు గళ్లు ముందుకు తోసింది. వాడి గడియారం కదలడం మొదలైంది. ఆమె పరుగు తీసింది.

పాప వదిన ఒళ్లో ఉంది. వదిన మెడలోని ఆసుపత్రి కార్డు తాడును చప్పరిస్తోంది. వదిన దాని ముక్కు తుడుస్తూ, నోట్లో పాప లంగోటీ పిన్నీసు పెట్టుకుని ఉంది. అందుకే బదులు లేదు. అయినా ఆమె పాప ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

వదిన పిన్నీసు తీసి, "ఊపిరి ఆడుతోందిలే, పో!" అంది.

తిరిగొచ్చేసరికి వాడింకా ఆలోచిస్తూనే ఉన్నాడు. మూడు నిమిషాలు మింగేశాడు. ఆఖరికి ఆశపడి ఆ బంటును తీశాడు. తీసిన బంటును ఆమె ఏనుగు తీసింది. ఆ వరుస తిన్నగా వాడి రాజు దాకా ఖాళీ. వాడి మంత్రి ఎక్కడో అటు చివరన చిక్కుకుపోయింది. చెక్. ఆమె వేలు ఒక గడి తప్పబోయి ఆగింది. ఇరవై సెకన్లు. గుర్రం దిగింది, మళ్లీ చెక్. పదకొండు సెకన్లుండగా ఆట కట్టు.

పదిహేను వందల రెండు.

నాలుగూ యాభై రెండుకి రేటింగు ఫొటో పంపింది. మాస్టారే ఫోన్ చేశాడు.

"యాప్‌లో మీ ఆట చూశానమ్మా, పాతవీ చూశాను. ఇన్నాళ్లూ అంత భయంగా ఆడేవారు, ఆ బంటును ఎలా తోశారు?"

"భయపడే తోశానండి."



"సోమవారం పదింటికి రండి. పాపనీ తీసుకురండి, మీరు మాటిమాటికీ ఇంటికి పరిగెత్తకుండా."

"మాస్టారేమన్నాడే?" అంటూ వదిన గుమ్మంలోకి వచ్చింది. పాప నోట్లో ఇంకా ఆ తాడే. ఆమె జవాబు చెప్పబోయి, ముందు దాని ముక్కు దగ్గర మళ్లీ చెయ్యి పెట్టింది.